జిల్లేడు మీది చారల పురుగులకు మందు కొట్టకండమ్మా

అమ్మా, మీరు అడిగింది రెండుసార్లు చదివాను. కొత్తపట్నం రోడ్డులో మీ ఇంటి ప్రహరీ పక్కన మీ అత్తగారు పెంచుకుంటున్న తెల్ల జిల్లేడు ఉంది. వినాయక చవితి ఇంకా మూడు వారాలే. ఇంతలో ఆకుల మీద నలుపు, తెలుపు, పసుపు చారల పురుగులు చేరి కొరికేస్తున్నాయి. పక్కింటాయన మిరప చేనుకు కొట్టగా మిగిలిన మందు ఇస్తానంటున్నారు. మీ ఆరేళ్ళ బాబు ఆ పురుగుల్ని చేతి మీద పాకించుకుంటున్నాడు, మీకేమో టెన్షన్. గులాబీలకీ కరివేపాకుకీ ఎక్కుతాయేమోనని ఇంకో భయం. ఒక పురుగును సీసాలో పెట్టి పెంచుతానని బాబు పట్టుబడుతున్నాడు. ఇంతేగా?

ముందు అసలు మాట చెప్పేస్తాను. మందు కొట్టకండి, చెట్టు కొట్టించకండి. అవి సీతాకోకచిలుక పిల్లలు. మీ బాబుకు వాటివల్ల భయం లేదు. భయపడాల్సింది జిల్లేడు పాలకు. దాని గురించి కింద విడిగా రాశాను. మిగతాదంతా తీరిగ్గా చదువుకున్నా ఆ భాగం మాత్రం ఈరోజే చదవండి.

నేను కావలిలో ఉంటాను. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఆ ముప్పై ఏళ్ళలో నాకు దొరికిన మంచి ప్రయోగశాల బడి వెనక ఇసుక దిబ్బ మీది జిల్లేడు పొదే. అందుకే మీ ప్రశ్న చూసి ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మీ ఫొటో కాస్త మసగ్గా ఉంది. అందుకని మీరే ఒకసారి దగ్గరగా చూసి కొమ్ములు లెక్కపెట్టండి. పురుగు ఒంటి మీద మెత్తటి నల్ల కొమ్ములు జతలు జతలుగా ఉంటాయి. తల దగ్గర ఒక జత, నడుం మీద ఒక జత, తోక వైపు ఒక జత, మొత్తం మూడు జతలు ఉంటే అది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్ల. శాస్త్రీయ నామం డానాస్ క్రిసిప్పస్, అందులో క్రిసిప్పస్ అన్నది 1758లో లినేయస్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. మా బడి పిల్లలకు ఆ పేరు నోరు తిరిగేది కాదు, అందుకని జిల్లేడు చిలుక అని చెప్పేవాణ్ణి. కొమ్ములు రెండు జతలే ఉంటే అది నీలి చుక్కలుండే బ్లూ టైగర్ పిల్ల కావచ్చు. గన్నేరు ఆకుల మీద నాలుగు జతల కొమ్ములున్న పురుగు కనిపిస్తే అది ముదురు గోధుమరంగులో ఉండే కామన్ క్రో పిల్ల. ఇవన్నీ ఒక కుటుంబం దాయాదులే.

ఆ కొమ్ములు కుట్టవు, గుచ్చుకోవు. మునగ చెట్టు మీద గుంపులుగా ఉండే కంబళి పురుగు తగిలితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, దురద పెడుతుంది, ఎందుకంటే దానికి ఒళ్ళంతా బొచ్చు. ఈ జిల్లేడు పురుగుకు బొచ్చు లేదు, ఒళ్ళు నున్నగా ఉంటుంది. బాబు చేతి మీద పాకినా ఏమీ కాదు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, చేతులు కడగకుండా నోట్లోనూ కంట్లోనూ పెట్టుకోకూడదు, అంతే.

సీతాకోకచిలుక రెక్కల పొడి కంట్లో పడితే కళ్ళు పోతాయని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అంటుంటారు. ఆ పొడి నిజానికి రెక్కల మీదుండే సన్నటి పొలుసులు. దుమ్ము పడ్డట్టు కాస్త నలకగా ఉంటుంది తప్ప కళ్ళు పోవు. కానీ ఇదే జిల్లేడు దగ్గర కళ్ళకు నిజమైన ప్రమాదం ఇంకోటి ఉంది.

ఆకు తుంచితే కారే ఆ తెల్లటి పాలు కంట్లో పడకూడదు. ఇది చాలా ముఖ్యం. పాలు పడగానే కొంతమందికి పెద్దగా నొప్పి కూడా ఉండదు. అందుకే ఏముందిలే అని ఊరుకుంటారు. ఆ తర్వాత చూపు మసకబారుతుంది. కంటి నల్లగుడ్డు మీదున్న పారదర్శకమైన పొరను, అంటే కార్నియాను, ఆ పాలు లోపలి వైపు నుంచి దెబ్బతీస్తాయి. పూజకు పత్రి కోసేటప్పుడు చేతికంటిన పాలతోనే కళ్ళు నలుపుకుని ఆస్పత్రికి వెళ్ళినవాళ్ళున్నారు. కాబట్టి బాబు పురుగును పట్టుకోవచ్చు గానీ ఆకు తుంచకూడదు, కొమ్మ విరవకూడదు. కోయాల్సి వస్తే పెద్దవాళ్ళే కోయాలి. పొరపాటున కంట్లో పడితే కొళాయి కింద శుభ్రమైన నీళ్ళతో పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా కడిగి, నొప్పి లేకపోయినా సరే ఆరోజే కంటి డాక్టరుకు చూపించండి. తల్లిపాలు, ఆముదం లాంటివి పోయొద్దు. ముల్లు గుచ్చుకుంటే జిల్లేడు పాలు పెట్టే అలవాటు మన వైపు ఉంది కదా, ఆ పని చేసిన చేతులు కూడా వెంటనే కడుక్కోవాలి.

ఇక మందు సంగతి. మిరపకు కొట్టే మందు ఇంటి గోడ పక్కన, ఆరేళ్ళ పిల్లవాడు తిరిగేచోట కొట్టడమంటేనే నాకు మనసొప్పడం లేదు. పైగా ఆ ఆకుల్ని మీరు ఏం చేస్తారు? చవితికి ఇరవై ఒక్క పత్రిలో అర్కపత్రమని తెచ్చి దేవుడి ముందు పెడతారు. మాఘమాసంలో రథసప్తమి వస్తే ఇదే చెట్టు ఆకులు ఏడు కోసి, రేగిపళ్ళతో తల మీద పెట్టుకుని స్నానం చేస్తారు. పిల్లాడి నెత్తిన పెట్టే ఆకు మీద పురుగు మందు కొట్టొచ్చా చెప్పండి. వేపనూనె అయితే మంచిదే కదా అని కూడా అనుకోవద్దు. మనకు తక్కువ హానే కావచ్చు గానీ చిన్న పురుగులు దానికీ బతకవు.

పత్రికి ఆకులు మిగలవేమో అన్నది మీ అత్తగారి బాధ అయితే దానికి తేలికైన ఉపాయం ఉంది. బాగున్న కొమ్మ ఒకటి చూసుకుని, ఆకుల పైనా కిందా గుడ్లు, చిన్న పురుగులు లేవని నిదానంగా చూసి, పాత దోమతెర ముక్క చుట్టి తాడుతో కట్టేయండి. సీతాకోకచిలుక లోపలికి వెళ్ళి గుడ్డు పెట్టడానికి వీలుండదు. పూజకు కావలసిన ఆకులు ఆ ఒక్క కొమ్మ మీదే మిగులుతాయి. మిగతా చెట్టు పురుగులకు వదిలేయండి. జిల్లేడు మొండిది. ఆకులన్నీ పోయినా మళ్ళీ చిగురిస్తుంది. మన ఇసుక నేలల్లో, మే నెల ఎండల్లో, చుక్క నీరు లేకపోయినా పచ్చగా నిలబడే చెట్టు పది పురుగులకు చస్తుందా?

గులాబీకి, కరివేపాకుకు ఈ పురుగు వెళ్ళదు. ఆకలితో చావనైనా చస్తుంది గానీ ఆ ఆకులు తినదు. దీని నోటికి పట్టేవి జిల్లేడు, దాని బంధువులైన పాల మొక్కలు మాత్రమే. మీ కరివేపాకు మీద అప్పుడప్పుడు పక్షి రెట్టలా కనిపించే పురుగు, పెద్దయ్యాక ఆకుపచ్చగా మారేది, వేరే జాతి. గూడూరు వైపు నిమ్మతోటల్లో లేత ఆకులు తినేవి ఆ జాతికి దగ్గరివే. జిల్లేడు పురుగుతో వాటికి సంబంధం లేదు. పెద్దయిన జిల్లేడు పురుగు గోడ మీదో, గేటు మీదో, గులాబీ కుండీ అంచు మీదో పాకుతూ కనిపించవచ్చు. అది మేతకు కాదు, గూడు కట్టుకునే చోటు వెతుక్కుంటోంది. అప్పుడు కంగారుపడి చీపురుతో ఊడ్చేయకండి.

మీ చెట్టు మీద ఇంకా కొన్ని కనిపిస్తాయి, వాటినీ దీనితో కలిపేయకండి. లేత చిగుళ్ళకు, పూల కాడలకు పసుపుపచ్చగా పేను బంక పట్టి ఉంటుంది. అది రసం పీల్చే పురుగు. పసుపు, నీలం చారలతో బొమ్మకు రంగులేసినట్టుండే పెద్ద మిడత కూడా జిల్లేడు మీదే ఉంటుంది. దాన్ని మాత్రం బాబును పట్టుకోనివ్వకండి, బెదిరిస్తే ఒక ద్రవం చిమ్ముతుంది, అది కళ్ళకు మంచిది కాదు.

ఇప్పుడు బాబుకు చూపించాల్సినవి చెప్తాను. ఇవి నాకు చాలా ఇష్టమైన సంగతులు.

గుడ్డును వెతకమనండి. తల్లి చిలుక ఒక ఆకుకు ఒకటి చొప్పున, విడివిడిగా పెడుతుంది. గసగసాల గింజ కన్నా కాస్త పెద్దది, తెల్లగా, నిలువుగా, గోపురం ఆకారంలో ఉంటుంది. మూడు రోజుల్లో పొదుగుతుంది. బయటికొచ్చిన పిల్ల మొట్టమొదట తినేది తన గుడ్డు పెంకునే. తర్వాత ఆకు మొదలుపెడుతుంది. అక్కడే దాని తెలివి చూడాలి. జిల్లేడు పాలు జిగురు. చిన్న పురుగు నోరు ఆ జిగురుకు అతుక్కుపోతే చస్తుంది కూడా. అందుకని అది ఆకు మీద చిన్న గుండ్రటి గాడి కొరికి, పాలు ఆ గాడి దగ్గరే ఆగిపోయేలా చేసి, లోపలి భాగం తింటుంది. పెద్దయ్యాక ఇంకో పని చేస్తుంది. ఆకు మధ్య ఈనెను కాడ దగ్గర కొరుకుతుంది. పాలు అక్కడే కారిపోతాయి, ఆకు వాలిపోతుంది, అప్పుడు కొస నుంచి నింపాదిగా తింటుంది. రైతు మడికి నీళ్ళు ఆపేసినట్టే ఇది ఆకుకు పాలు ఆపేస్తుందని పిల్లలకు చెప్పేవాణ్ణి, వెంటనే అర్థమయ్యేది. మీ చెట్టు మీద మధ్యలో విరిగినట్టు వేలాడుతున్న ఆకులుంటే వాటి కింద చూడండి, పురుగు ఉంటుంది.

రెండు వారాల్లో నాలుగుసార్లు కుబుసం విడిచి చిటికెన వేలంత అవుతుంది. తర్వాత తిండి మానేసి, పైన చెప్పినట్టు చోటు వెతుక్కుని, ఒక పట్టు మెత్త అల్లుకుని, దానికి తోక తగిలించుకుని తలకిందులుగా వేలాడుతుంది. ఒకరోజు అలా ఉన్నాక చర్మం ఒలిచేసుకుని ప్యూపా, అంటే లోపల చిలుక తయారయ్యే గూడు, అవుతుంది. ఆకుల మధ్య ఉంటే ఆకుపచ్చగా, గోడ మీదో కర్ర మీదో ఉంటే లేత గులాబీ రంగులో ఉంటుంది. దాని మీద బంగారు రంగు చుక్కలు మెరుస్తాయి. నిజంగా బంగారు నీరు అద్దినట్టే ఉంటాయి. వారం పది రోజుల తర్వాత ఆ పొర పల్చబడి లోపల నారింజ రంగు రెక్కలు కనిపిస్తే, మర్నాడు పొద్దున్నే చిలుక బయటికొస్తుందని లెక్క. గుడ్డు నుంచి చిలుక దాకా అంతా కలిపి మూడు నాలుగు వారాలు.

ఈ పురుగు ఒంటి మీద అంత కొట్టొచ్చినట్టు చారలెందుకని పిల్లలు అడుగుతారు, మీ బాబు కూడా అడుగుతాడు. పురుగులన్నీ ఆకు రంగులో దాక్కుంటుంటే ఇది నన్ను చూడండి అన్నట్టు ఉంటుంది. కారణం జిల్లేడే. ఆ పాలల్లో కార్డినోలైడ్లనే విషాలుంటాయి, గుండె మీద పనిచేస్తాయి. పశువులు జిల్లేడును ముట్టకపోవడం అందుకే. ఈ పురుగు ఆ విషాన్ని తట్టుకుని, కొంత ఒంట్లో దాచుకుంటుంది. చిలుక అయ్యాక కూడా అది ఒంట్లో ఉంటుంది. తెలియక తిన్న పక్షికి కక్కు వస్తుంది, మరోసారి ఆ రంగు జోలికి వెళ్ళదు. ప్రతి చిలుకలోనూ విషం ఒకే మోతాదులో ఉండదు, అది తిన్న మొక్కను బట్టి ఉంటుంది. అయినా పక్షి రంగును గుర్తుపెట్టుకుంటుంది కాబట్టి తక్కువ విషమున్నదీ బతికిపోతుంది. అందుకే ఇది ఎగిరేటప్పుడు తొందర ఉండదు. నడుం ఎత్తులో, నెమ్మదిగా, మధ్యాహ్నం ఎండలో కూడా నింపాదిగా పోతుంది. దీని ఒళ్ళు కూడా గట్టిది, పక్షి ముక్కున కరిచి వదిలేసినా చచ్చినట్టు పడి ఉండి, తర్వాత లేచిపోతుంది.

ఈ రంగును దొంగిలించినది కూడా ఒకటి మన ఊళ్ళలో ఉంది. డానైడ్ ఎగ్‌ఫ్లై అనే ఇంకో చిలుక. దాని మగది నల్లగా, తెల్లటి గుండ్రటి మచ్చలతో ఉంటుంది. ఆడది మాత్రం అచ్చం ఈ జిల్లేడు చిలుకలా నారింజ రంగులో ఉంటుంది. దాని ఒంట్లో విషం లేదు. అది పెరిగేది గంగపావిలి కూర మీద, మనం పప్పులో వేసుకునే కూరే. పక్షుల నుంచి తప్పించుకోవడానికి జిల్లేడు చిలుక వేషం కట్టింది. మొదటిసారి నేను కూడా పోల్చుకోలేకపోయాను. తేడా పట్టాలంటే కింది రెక్క చూడాలి. జిల్లేడు చిలుక కింది రెక్క మధ్యలో మూడో నాలుగో నల్ల చుక్కలుంటాయి, వేషగత్తెకు పై అంచు దగ్గర ఒకటే మచ్చ.

కాళ్ళు కూడా లెక్కపెట్టించండి. కీటకాలకు ఆరు కాళ్ళని బడిలో చెబుతాం. జిల్లేడు చిలుక వాలినప్పుడు నాలుగే కనిపిస్తాయి. ముందు రెండూ కురచై, బ్రష్షులా ఛాతీకి ముడుచుకుని ఉంటాయి, నడకకు పనికిరావు. ఈ కుటుంబానికి బ్రష్ కాళ్ళ చిలుకలని పేరొచ్చింది అందుకే.

ఇది మనకొక్కరికే సొంతమైన జాతి కాదు. ఆఫ్రికా నుంచి ఆగ్నేయాసియా దాకా ఉంది. ఈజిప్టులో నెబమున్ అనే అధికారి సమాధి గోడ మీద మూడు వేల మూడొందల ఏళ్ళ పైబడిన వేట బొమ్మ ఒకటి ఉంది. రెల్లు పొదల్లో పక్షుల మధ్య ఈ చిలుకలే ఎగురుతుంటాయి. ఆ గోడ ముక్క ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. నేను బొమ్మ అచ్చులో చూశాను. చిత్రకారుడు నల్ల అంచు, అందులో తెల్ల చుక్కలు కూడా తప్పకుండా వేశాడు. ఇప్పుడు మీ ప్రహరీ గోడ మీద ఎగిరేదీ అదే.

మీకు పొలం ఉంటే ఇంకోటి గమనించవచ్చు. మన నెల్లూరు వైపు వరికి ముందు పచ్చిరొట్టకు జనుము చల్లుతారు కదా. జనుము, దాని బంధువులైన గిలిగిచ్చ మొక్కలు వాడిపోయినప్పుడు మగ చిలుకలు గుంపుగా వచ్చి వాలతాయి. తేనె కోసం కాదు. ఎండిన ఆకును కాళ్ళతో గీరి, అందులోని ఒక రకం చేదు పదార్థాన్ని పీల్చుకుంటాయి. ఆడదాన్ని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి వాటికి అది కావాలి. ఆ పదార్థం దొరకని మగదానికి జత కుదరడం కష్టం.

సీసాలో పెంచడం గురించి. పెంచనివ్వండి, కానీ సీసాలో వద్దు. మొదటి ఏడాది నేను ఆ తప్పే చేశాను. గాజు సీసాలో తొమ్మిది పురుగులు వేసి, మూతకు చిల్లులు పెట్టి బల్ల మీద ఉంచాను. ఆకుల తేమకు లోపల చెమట పట్టింది, పెంటికలకు బూజు వచ్చింది, వారంలో అన్నీ పోయాయి. ఆరోజు పిల్లల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి. మరో ఏడాది పొగాకు చేను గట్టు మీది జిల్లేడు ఆకులు తెచ్చి వేశాను. చేనుకు కొట్టిన మందు గాలికి వాటి మీద కూడా పడిందన్న ఆలోచన నాకు రాలేదు. సాయంత్రానికి పురుగులన్నీ వంకర్లు తిరిగి రాలిపోయాయి. అందుకే మందు విషయంలో ఇంత గట్టిగా చెప్తున్నాను.

వెడల్పాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున కాగితం పరచి, పైన పల్చటి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి. ఒకటి లేదా రెండు పురుగులు చాలు. రోజూ మీ చెట్టుదే తాజా ఆకు, తడి లేకుండా తుడిచి పెట్టండి. ఆకు కోసేది మీరు, కాగితం మార్చేది బాబు. ఎండ తగలని చోట ఉంచండి. ఒక పుల్లను ఏటవాలుగా పెడితే దానికే వేలాడుతుంది. పురుగు ఒకరోజు తినకుండా కదలకుండా ఉంటే జబ్బు కాదు, కుబుసం విడిచే సమయం, కదిలించొద్దు. ఒక్కోసారి ప్యూపా చిలుక కాకుండా గోధుమరంగుకు తిరిగి, లోపల నుంచి తెల్లటి పురుగు సన్నటి దారంతో కిందికి దిగుతుంది. అది ఈగ పిల్ల. బయట ఉన్నప్పుడే ఆ ఈగ పురుగు మీద గుడ్డు పెట్టి ఉంటుంది. మీ తప్పు కాదు, బాబు తప్పూ కాదు, వాడికి అలాగే చెప్పండి.

చిలుక బయటికి వచ్చిన పూట మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. రెక్కలు ముడతలు పడి తడిగా ఉంటాయి, గంటా రెండు గంటలు వేలాడితే గానీ గట్టిపడవు. కింద ఎర్రటి నీటి చుక్కలు పడితే రక్తమని భయపడకండి, అది ప్యూపాలో మిగిలిన వ్యర్థం. రెక్కలు పూర్తిగా విచ్చుకున్నాక గుడ్డ తీసేసి జిల్లేడు పక్కనే డబ్బా పెట్టండి. ఎగిరేలోపు బాబును కింది రెక్క మధ్యలో చుక్కలు లెక్కపెట్టమనండి. మూడుంటే ఆడది, నాలుగుంటే మగది. ఆడదైతే కొద్ది రోజుల్లో మీ చెట్టు మీద మళ్ళీ గుడ్లు వెతకడం మొదలుపెట్టవచ్చు.